వదినె వాళ్ళ వరండాలో అష్టాచెమ్మా

మూడు నెలల పాటు ప్రతి ఆదివారం నా పిల్లలిద్దరితో అష్టాచెమ్మా ఆడాను. ఒక్కసారి కూడా గెలవలేదు. గెలవడం చేతకాక కాదు. చిన్నప్పుడు తాండూరులో మా గల్లీ పిల్లలు నాతో ఆటకు కూర్చుంటే ఏడ్చుకుంటూ లేచేవాళ్ళు. అంత మొండిదాన్ని. అలాంటిదాన్ని, వికారాబాదులో మా వదినె వాళ్ళ వరండాలో, పదకొండేళ్ళ బిడ్డ ముందు, ఆరేళ్ళ కొడుకు ముందు కూర్చుని, మూడు పడితే రెండు గడులే జరిపి, కావాలని ఓడిపోయేదాన్ని.

వదినె అంటే నా భర్తకు అక్క. ఆమె ఇంట్లోనే ఎందుకు ఆడామంటే, కోర్టు అట్లా చెప్పింది కాబట్టి. ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఆమె ముందర, తల్లి పిల్లలను చూడవచ్చు. రెండు గంటలు! కడుపున మోసినదానికి వారానికి రెండు గంటలు.

నా తప్పేమిటో ముందే చెప్పేస్తాను, దాస్తే దాగేది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం మా అత్త కూరలో ఉప్పు గురించి ఏదో అంది. నేను రెండు మాటలు ఎక్కువే అన్నాను. అన్నానికి ఇంటికి వచ్చిన మా ఆయన కంచం ముందు కూర్చునే, “గంత రోషముంటె మీ అమ్మగారింటికి పో” అన్నాడు. “పోత, నాకేం భయమా!” అన్నాను. పిల్లలు బడిలో ఉన్నారు. పర్సు, రెండు చీరలు సంచిలో వేసుకుని స్టేషనుకు పోయి తాండూరు బండెక్కాను.

నాలుగు రోజుల్లో ఆయనే వచ్చి బతిమాలి తీసుకుపోతాడని నా ధీమా. ఆయన రాలేదు. నాలుగు రోజులు పదిహేనయ్యాయి, ఆ పదిహేను కాస్తా నెల అయ్యాయి. నేనూ పోలేదు. ఎందుకు పోలేదని ఇప్పుడు ఎవరైనా అడిగితే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఫోన్ చేసి పిల్లలతో మాట్లాడదామంటే “బడికి పోయిన్రు”, “ఆడుకుంటున్నరు”, “పండుకున్నరు” అనేవాళ్ళు. సరేలే, మీకే తెలిసొస్తుంది అనుకుని పెట్టేసేదాన్ని. తీరా నేను దిగొచ్చి గేటు దగ్గరికి పోయేసరికి గేటుకు తాళం ఉంది. ఒక్కసారి పిలిచాను. ఎవరూ రాలేదు. తిరిగి వచ్చేశాను. ఆ తరువాత “పిల్లలను విడిచిపెట్టి వెళ్ళిపోయిన స్త్రీ” అని ఆయన వకీలు పంపిన కాగితం మీద అచ్చుపడ్డ మాట నా చేతికి వచ్చింది.

నేను ఇల్లు విడిచిన రోజు బడి నుంచి వచ్చిన నా బిడ్డ ఇల్లంతా వెతికిందట. వెతికి వెతికి, బాత్రూం తలుపు కొట్టి, “అమ్మా, జల్ది రా” అన్నదట. ఇది వదినె నాకు చెప్పింది, మొదటి ఆదివారమే, చాయ్ ఇస్తూ. చెడ్డది కాదు మా వదినె. కానీ ఆ మాట ఎందుకు చెప్పిందో!

పిల్లలిద్దరూ నా దగ్గర ఉండాలని నేను కేసు వేశాను. తాండూరులో అమ్మ ఇంట్లోనే ఉంటూ ఒక కుట్టు దుకాణంలో జాకెట్లు, బడి యూనిఫారాలు కుట్టే పనిలో చేరాను. ఇద్దరినీ సాకగలనని నా నమ్మకం. మా వకీలు మేడం మొదటి రోజే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. “చిన్నోడు ఆరేండ్లోడు, వాని మాట అంతగ లెక్కకు రాదు. పాపను జడ్జి సారు లోపలికి పిలిచి అడుగుతడు. అక్కాతమ్ముళ్ళను ఇడదీయొద్దనే మనం అడుగుతున్నం. పాప ఎటంటె తమ్ముడు గూడ అటే. పాపతోని మంచిగుండు.”

మంచిగుండు అనడం తేలికే. పాప నాతో మాట్లాడితే కదా!

తాండూరు నుంచి వికారాబాదుకు రైలులో గంట. ధారూరు స్టేషన్ దాటిందంటే సంచి పట్టుకుని తలుపు దగ్గరికి పోయి నిలబడేదాన్ని. మొదటి ఆదివారం నా చేత్తో కుట్టిన ఫ్రాకు తీసుకుపోయాను. కొలత తీసుకోవాల్సిన పనేముంది, నా కళ్ళకు తెలియదా అనుకున్నాను. భుజాల దగ్గర పట్టలేదు. ఆ కొన్ని నెలల్లో అంత ఎదిగింది. బిడ్డ దాన్ని మడత పెట్టి నా సంచిలోనే పెట్టింది. ఏమడిగినా “ఊ”, “లేదు”. రెండో ఆదివారం హోంవర్కు ముందేసుకుని తల ఎత్తలేదు. కొడుకు నయం, ఒడిలో కూర్చుని ఒంటిగంట దాకా నా గాజులు లెక్కపెట్టాడు, లేచేటప్పుడు మాత్రం గుక్కపట్టి ఏడ్చాడు.

మూడో ఆదివారం నా సంచిలో మూడు వస్తువులు వేసుకున్నాను. దుకాణంలో బట్టల మీద గీత గీసే సుద్దబిళ్ళ, మూడు రంగుల గుండీలు, అమ్మ దగ్గరున్న నాలుగు గవ్వలు. వదినె వాళ్ళ వరండాకు తాండూరు బండలే పరిచారు, నున్నగా, చల్లగా ఉంటాయి. నేను ఎవరినీ అడగకుండా కింద కూర్చుని, అడ్డం ఐదు, నిలువు ఐదు గడులు గీశాను. ఇక కొన్ని గడుల్లో ఇంటు మార్కులు పెట్టడం మొదలుపెట్టాను. ఇంటు మార్కు ఉన్న గడిలో కాయ ఉంటే దాన్ని ఎవరూ చంపకూడదు. మనసు ఎక్కడుందో, ఒకటి మూలన పెట్టాను.

“గక్కడ గాదు. నడుమల,” అంది నా బిడ్డ.

నెలల తరువాత తనంతట తాను నాతో అన్న మొదటి మాట అది. నేను తల ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ మూగబోతుందేమోనని భయం. “నడుమనా? యాదిలేదు బిడ్డా, నువ్వే పెట్టు,” అని సుద్ద చేతికిచ్చాను. హోంవర్కు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, నాయినమ్మ నేర్పిందని చెప్పింది. ఏ అత్తతోనైతే ఉప్పు కోసం పోట్లాడి వచ్చానో ఆ అత్తకు ఆ క్షణం దండం పెట్టాలనిపించింది.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క సంగతి చెప్పాలి. ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు. గవ్వలు వేసి, పడినన్ని గడులు జరుపుకుంటూ బయటి వరుస చుట్టూ తిరగాలి, ఆ తరువాత లోపలి వరుసలోకి, చివరికి నడిమి గడిలోకి. అక్కడికి చేరితే కాయ పండినట్టు. నాలుగూ పండితే గెలిచినట్టు. అయితే దారిలో అవతలివాళ్ళ కాయను ఒక్కదాన్నయినా చంపాలి. చంపకపోతే లోపలికి పోనివ్వరు, ఎన్ని చుట్లయినా బయటే తిరగాలి. చచ్చిన కాయ మళ్ళీ మొదటి గడి నుంచి బయలుదేరాలి.

నేను ఎవరి కాయనూ చంపలేదు. ఎట్లా చంపుతాను? కాయ చస్తే కొడుకు పెదవి వంకర పోతుంది, బిడ్డ మళ్ళీ “ఊ”, “లేదు” లోకి పోతుంది. వాళ్ళు గెలిస్తే నవ్వుతారు, నవ్వితే మాట్లాడతారు, మాట్లాడితే వచ్చే ఆదివారం కోసం చూస్తారు, చూస్తే జడ్జి దగ్గర అమ్మ కావాలంటారు. నా తెలివి అంతదాకా పనిచేసింది. అందుకే తప్పులు చేసేదాన్ని. చెమ్మ పడితే మూడు అనేదాన్ని, “చెమ్మ అమ్మా, నాలుగు!” అని బిడ్డ దిద్దేది. ఆ దిద్దడం కోసం నేను ఎన్ని తప్పులైనా చేస్తాను. నా నాలుగు గుండీలూ బయటి వరుసలో గానుగెద్దుల్లా తిరిగేవి.

వారాలు గడిచాయి. బిడ్డ మాటలు పెరిగాయి. బడిలో ఎవరు ఎవరితో కటీఫ్ అయ్యారో, లెక్కల టీచరు ఎట్లా నడుస్తుందో చేసి చూపించింది. నేను పొంగిపోయాను. ఇంకేముంది, నా బిడ్డ నాదేనని తాండూరు బండిలో కూర్చుని నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఎదురు సీటు ఆమె ఒకసారి అడగనే అడిగింది, ఏమమ్మా మస్తు ఖుషీగున్నవని.

కోర్టుకు ఇంకా పది పన్నెండు రోజులున్నాయనగా ఆ ఆదివారం వచ్చింది. ఆట సగంలో ఉంది. బిడ్డ కాయ నా కాయకు సరిగ్గా రెండు గడుల ముందుంది. నాకు రెండు పడింది. నేను ఆ కాయను వదిలేసి ఇంకో కాయ జరిపాను. బిడ్డ గవ్వలు అందుకోలేదు. చేతులు కట్టుకుని కూర్చుంది.

“నువ్వు ఆడుతలేవు.”

“ఆడుతున్న గద బిడ్డా.”

“ఏడ ఆడుతున్నవ్? నా కాయ నీ ముంగటనే ఉన్నది, సంపుతలేవ్. ఇన్ని ఐతారాల సంది ఒక్కటన్న సంపినవా? నాకు సమజ్ గాదనుకుంటున్నవా? ఊకెనే ఓడిపోతున్నవ్.”

“మీరు గెలిస్తె నాకు సంబురం బిడ్డా. గంతే.”

“నాకు సంబురం లేదు.” దాని గొంతు సన్నగా అయిపోయింది. “గప్పుడు గూడ గిట్లనే చేసినవ్. నాయినమ్మతోని ఉప్పు కోసం కొట్లాడినవ్. మా కోసం కొట్లాడినవా? గేటు కాడ ఒక్కపారి పిలిచి పోయినవ్. నేను కిటికీల కెల్లి చూసిన. ఇంకోపారి పిలుస్తవేమో, నేను ఉరికొద్దామని చూసిన. నువ్వు పోయినవ్.”

వదినె ఫోన్ పక్కన పెట్టి, “ఏయ్, పెద్దోళ్ళతోని గట్లేనా మాట్లాడేది?” అని గదమాయించింది. అది అన్న ప్రతి మాటా నిజమే. తాళం వేసిన గేటు ముందు నేను రోషం చూపించుకుని వచ్చేశాననుకున్నాను. లోపల కిటికీ వెనక నా బిడ్డ నిలబడి ఉందని ఏ దేవుడూ చెప్పలేదు. తిరుగు బండిలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎవరు చూసినా నాకు పట్టలేదు.

ఆ వారమంతా కుట్టిన ప్రతి జాకెట్టూ విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. ఒకదానికి రెండు చేతులూ ఒకే పక్కవి కుట్టాను. దుకాణం నడిపే పెద్దామె, ఖాలా అని పిలుస్తాం, తిట్టలేదు. “ఇంటికి పోయి జర పండుకో” అంది. పండుకుంటే కిటికీ కనబడుతుంది, పండుకోవడం ఎక్కడిది?

కోర్టుకు ముందు అదే చివరి ఆదివారం. వరండాలో గడులు గీసి, చేతులు దులుపుకుని చెప్పాను. “ఇయ్యాల నిజంగ ఆడుత. ఎవరన్న ఏడిస్తె నాకు తెల్వదు మల్ల.”

బిడ్డ నిజమేనా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. తరువాత జడను వెనక్కి వేసుకుని, “నువ్వే ఏడుస్తవ్ చూడు,” అని గవ్వలు అందుకుంది.

అబ్బ, ఏమి ఆట అది! బిడ్డ మొదటే అష్ట వేసింది, వెంటనే చెమ్మ వేసింది. నా కాయను చంపి ఎగిరి గంతేసింది. గోడకు ఆనుకుని ఏటవాలుగా నిలిచిన గవ్వ లెక్కకొస్తుందా రాదా అని ఇద్దరం గొంతులు చించుకున్నాం. “తొండి! అమ్మ తొండి ఆడుతున్నది!” అని కొడుకు అరిచాడు. వదినె ఫోన్ పక్కన పెట్టి, గోడకు ఆనిన గవ్వ లెక్కకు రాదని తీర్పు చెప్పింది. ఆ ఏడాది మొత్తంలో నేను బతికింది ఆ గంటే. నా బిడ్డ నాతో కొట్లాడుతోంది, నేను దానితో కొట్లాడుతున్నాను, దాని కళ్ళు మెరుస్తున్నాయి.

కొడుక్కు అదృష్టం పట్టుకుంది. రెండు కాయలు పండించాడు. మూడోది బయటి వరుస చివరి మలుపులో ఉంది, ఇంకొక్క గడి దాటితే లోపలికి పోతుంది. బిడ్డ కాయ ఒకటి అప్పుడే బయలుదేరి రెండో గడిలో ఉంది. నేను అప్పటిదాకా ఎవరినీ చంపలేదు, ఈసారి కావాలని కాదు, గవ్వలు పడక. గవ్వలు వేశాను. మూడు.

గడులు చూసుకున్నాను. నా ఎర్ర గుండీ ఒకటి కొడుకు కాయకు మూడు గడుల వెనక ఉంది. ఇంకొకటి బిడ్డ కాయకు మూడు గడుల వెనక ఉంది. ఏదైనా చంపొచ్చు. గెలవాలంటే చంపాల్సింది కొడుకుదే. బిడ్డ కాయను చంపితే నాకు లోపలికి దారి దొరుకుతుంది, అంతే; దానికి పోయేది రెండు గడులు, గెలవబోయే కొడుకు మాత్రం ఆగడు. ఆ లెక్క నాకెంత తెలుసో నా బిడ్డకూ అంతే తెలుసు. అది నా చేతినే చూస్తోంది.

“అమ్మా, నాది వద్దు,” అన్నాడు కొడుకు. అప్పటికే వాడి కళ్ళల్లో నీళ్ళు. “నాది వద్దమ్మా.”

వదినె అటునుంచి, “వాణ్ణి ఏడిపియ్యకు, ఇంటికి పోయి నాయినమ్మకు చెప్తడు. నాలుగు దినాలైతె కోర్టు, నీకే కష్టం,” అంది.

నేను బిడ్డ కాయను చంపాను. చంపి, “నువ్వు సమజ్ చేస్కుంటవ్ గద బిడ్డా, వాడు చిన్నోడు,” అన్నాను.

“ఏం గాదు,” అంది. తన గుండీని తీసి మొదటి గడిలో పెట్టుకుంది. అలగలేదు, ముఖం ముడుచుకోలేదు. తమ్ముడు గెలిచేదాకా బుద్ధిగా ఆడింది. లేచేటప్పుడు గవ్వలు ఏరి నా సంచిలో వేసి, బట్టకు అంటిన సుద్ద దులిపింది కూడా. బండిలో నాకు నేనే శెభాష్ అనుకున్నాను. నిజంగా ఆడాను కదా, ఒక కాయను చంపాను కదా, బిడ్డకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను కదా! ఎంత మట్టిబుర్రనో.

నాలుగు రోజుల తరువాత కోర్టు వరండాలో నిలబడ్డాను. ఆ చివర మా ఆయన, ఆయన వకీలు. నడుమ బెంచీ మీద అక్కాతమ్ముళ్ళు. బిడ్డను లోపలికి పిలిచారు. అది వెళ్తూ తమ్ముడితో “ఈడనే కూసో, లేవకు” అని చెప్పి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆ తలుపు మీది రంగు ఎక్కడెక్కడ పెచ్చులూడిందో నేను ఇప్పటికీ చెప్పగలను. అమ్మ కావాలని చెప్పు తల్లీ, ఒక్క మాట చెప్పు, నీ కాళ్ళు మొక్కుతా అని లోలోపల ఎన్నిసార్లు అనుకున్నానో.

అది బయటికి వచ్చి మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. తరువాత వకీళ్ళను పిలిచారు. చాలాసేపటికి మా మేడం వచ్చింది, ముఖంలో నవ్వుతో.

“బాబు నీ దగ్గరికి వస్తుండు.”

“బిడ్డ?”

“పాపనే చెప్పిందమ్మా. తమ్మున్ని అమ్మ దగ్గరికి పంపించున్రి, వానికి అమ్మ కావాలె, నేను డాడీ దగ్గర ఉంట అన్నదట. జడ్జి సారు రెండుసార్లు అడిగిండట, నీకు గూడ అమ్మ దగ్గరికి పోవాలని లేదా అని. నేను ఉండగలుగుత అన్నదట. మీ ఆయన గూడ సరే అన్నడు. ప్రస్తుతానికే ఇది, తర్వాత మల్ల చూద్దాం.”

“ఇద్దర్ని గద మేడం మనం అడిగినం? ఇడదీయొద్దనే గద అడిగినం?”

“పాప నోటితోని వచ్చినాక నేనేం చెయ్యాలె? ఇప్పుడు కాదంటె ఇద్దరు అటే పోవచ్చు. ఆలోచించుకో.”

ఆలోచించుకోవడానికి ఎంతసేపు ఇచ్చారు? ఆ బెంచీ మీద కొడుకు కాళ్ళు ఊపుతూ నా వైపే చూస్తున్నాడు. గేటు దగ్గర ఇంకోసారి పిలవనిదాన్ని నేనే, ఇప్పుడన్నా అరవాలి కదా, ఒప్పుకోను అని కోర్టు దద్దరిల్లేలా గోల చేయాలి కదా! భయపడ్డాను. ఉన్న ఒక్కడూ పోతాడని భయపడ్డాను. సంతకం పెట్టాను. అక్షరాలు అలుక్కుపోతే ఇంకోసారి పెట్టమన్నారు, మళ్ళీ పెట్టాను.

బయట చెట్టు కింద బిడ్డ తమ్ముడి బ్యాగు నాకు అందించింది. “పాలు చల్లగైతేనే తాగుతడు. దువ్వెన గట్టిగ దువ్వొద్దు. తెలుగు పుస్తకం అట్ట చినిగింది, కొత్తది వేయాలె.” ఒక్కొక్కటే అప్పగించింది. మా ఆయన బండి తీయడానికి అటు వెళ్ళాడు. నేను దాని రెండు భుజాలు పట్టుకున్నాను.

“ఎందుకు గట్ల చెప్పినవ్ బిడ్డా? నేను మీ ఇద్దర్ని అడిగిన. నిన్నే ముందు అడిగిన. నామీద కోపమా?”

“కోపమేం లేదు,” అంది. నిజంగానే దాని ముఖంలో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. “ఇద్దర్ల ఒక్కరంటె నువ్వు తమ్మున్నే తీస్కుంటవ్ గదా. జడ్జి సారు నిన్ను అడిగితె నువ్వు పరేషాన్ అయితవని, నేనే చెప్పిన.”

“ఇద్దర్ల ఒక్కరని నీకు ఎవరు చెప్పిన్రే?”

“మొన్న ఐతారం, ఆటల,” అంది. అని, తమ్ముడి బూటు లేసు ఊడిపోయిందని కట్టడానికి కింద కూర్చుంది. అది లేచేలోపు నేను ఏదో ఒకటి అనాలి.